గాజు తొట్టెలో సముద్రం, కాపలాకు యంత్రం

సూరత్ నగరంలో తాపీ నదికి ఆవలి ఒడ్డున, పాల్ ప్రాంతంలో నగరపాలక సంస్థ నిర్మించిన మత్స్యశాల ఒకటి ఉంది. 2014లో ప్రజలకు తెరిచిన ఆ భవనానికి జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. సెలవు దినాల్లో పిల్లల చేతులు పట్టుకొని వచ్చే కుటుంబాలు అద్దాల ముందు నిలబడి మంచినీటి చేపలనూ ఉప్పునీటి చేపలనూ చూసి వెళతాయి. ఆ అద్దాల వెనుక నీటిని వడకట్టే యంత్రాలు, గాలిని నింపే యంత్రాలు, నీటిని చల్లబరిచే యంత్రాలు రేయింబవళ్లు పనిచేస్తుంటాయన్న సంగతి చూపరులకు తోచదు. తోచనవసరమూ లేదు. ఒక సంస్థ, జీతం పుచ్చుకొనే సిబ్బంది, వంతులవారీ పని ఉన్నచోట జీవుల బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు హాజరు పట్టీలోనే సమాధానం దొరుకుతుంది.

అదే సముద్రం ఒక గృహస్థుని ముందుగదిలోకి వచ్చినప్పుడు సమాధానం అంత సులభంగా దొరకదు. సంపన్నుల ఇళ్లలో ఉప్పునీటి తొట్టె ఒక వేడుకగా మారి కొంతకాలమైంది. పాశ్చాత్య దేశాల్లో ఈ వేడుక మరింత ముందుకు పోయి, చేపలతోపాటు సజీవమైన పగడాలను సైతం ఇంట్లో పెంచే విద్యగా పరిణమించింది. దాని వెంటే నియంత్రక యంత్రాలు వచ్చాయి. నీటి వేడిమి, లవణీయత, క్షారత, వెలుతురు, అలల వేగం వంటివాటిని యజమాని ప్రమేయం లేకుండానే కనిపెట్టి సరిదిద్దే యంత్రాలివి. యజమాని మరో నగరంలో ఉన్నా, చేతిలోని ఫోనులో తొట్టె వేడిమిని దశాంశాలతో సహా చూడగలడు. తానే తెచ్చుకొన్న ప్రాణిని పోషించే పనిని మనిషి యంత్రానికి అప్పగించినప్పుడు ఆ ప్రాణికీ మనిషికీ మధ్య ఇంకా మిగిలేదేమిటి? చూడటానికి ఇది కేవలం వినోదానికి సంబంధించిన చిన్న ప్రశ్న. కాని వృద్ధులైన తల్లిదండ్రుల గదిలో కెమెరా అమర్చి విదేశాలకు వెళ్లే సంతానం పెరిగిన ఈ కాలంలో దీని నీడ తొట్టె అంచుల దగ్గరే ఆగడం లేదు.

ముందుగా ఈ తొట్టె స్వభావాన్ని కొంత తెలుసుకోవాలి. పగడం చూడటానికి రాయి, లేదా పువ్వు, నిజానికి జంతువు. దాని కణజాలంలో కంటికి కనిపించని శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యరశ్మితో ఆహారాన్ని తయారు చేసి ఆశ్రయమిచ్చిన జంతువుకు అందులో పెద్ద భాగం పంచుతాయి. నీటి వేడిమి ఆ ప్రాంతపు వేసవి గరిష్ఠం కన్నా ఒకటి రెండు డిగ్రీలు మించి కొన్ని వారాలు నిలిచిపోతే ఈ సహజీవనం చెడిపోతుంది. శైవలాలు పోయి, తెల్లబడ్డ పగడం ఆకలితో మిగులుతుంది. ఇంటి తొట్టెలో సాధారణంగా 25 లేక 26 డిగ్రీల వేడిమి, వెయ్యి పాళ్లకు 35 పాళ్ల లవణీయత, లీటరుకు 400 నుండి 450 మిల్లీగ్రాముల కాల్షియం ఉండేట్టు చూస్తారు. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకొనేందుకు ఈ కాల్షియాన్నీ క్షారతనూ రోజూ నీటి నుండి లాక్కుంటూనే ఉంటుంది. సముద్రానికి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. మూడు వందల లీటర్ల తొట్టెకు మాత్రం అది ప్రతిదినమూ తీర్చవలసిన బాకీ. పైగా నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. ఎండాకాలంలో రోజుకు నాలుగైదు లీటర్ల నీరు ఇగిరిపోయే తొట్టెలో వారం రోజులు మంచినీరు పోయకపోతే ఏమవుతుందో ఊహించడానికి రసాయనశాస్త్రం చదవనక్కరలేదు.

సూరత్‌లో ఈ కష్టానికి మరో విచిత్రం తోడవుతుంది. డుమస్ వద్ద సముద్రం నగరానికి కూతవేటు దూరంలోనే ఉంది. కాని ఖంభాత్ సింధుశాఖ నీరు తాపీ, నర్మద, మహి, సాబర్మతి నదులు తెచ్చే ఒండ్రుతో బురదవర్ణంలో ఉంటుంది. అక్కడ పగడం బతకదు. కనుక సముద్రతీరపు గృహస్థు శుద్ధిచేసిన మంచినీటిలో పొట్లాల్లో అమ్మే ఉప్పు కలిపి తన సముద్రాన్ని తానే తయారు చేసుకోవాలి. ఇంటి గుమ్మం నుండి చూస్తే సాగరం. ఇంటి లోపల దాని నకలు. ఆ నకలు మొదటిదాని కన్నా స్వచ్ఛం.

యంత్రం పక్షాన చెప్పదగినది చాలా ఉంది. దానిని తేలికగా కొట్టివేసే వాదన నిజాయితీ గల వాదన కాదు. ప్రేమ ఉన్నంత మాత్రాన పోషణ తెలియదు. చేపకు రోజుకు నాలుగుసార్లు మేత వేసి, కుళ్లిన మేతతోనే దానిని చంపిన వాత్సల్యం ఎన్ని ఇళ్లలో లేదు? మనిషి మరచిపోతాడు, నిద్రపోతాడు, పెళ్లికి వెళ్లి మూడు రోజులుంటాడు. యంత్రం మరచిపోదు. కొన్ని క్షణాలకొకసారి వేడిమిని చూస్తుంది, హెచ్చితే చల్లార్చే యంత్రాన్ని నడిపిస్తుంది, తగ్గితే వేడిచేసే కడ్డీకి విద్యుత్తు పంపుతుంది. నీటిమట్టం కాస్త దిగితే కొలత తప్పకుండా మంచినీరు నింపుతుంది. 2010 దశకం చివరి నుండి నీటి నమూనాను తానే తీసుకొని, తానే రసాయనం కలిపి, క్షారతను తానే లెక్కగట్టే పరికరాలు కూడా ఇళ్లకు చేరాయి. ఎవరి సంరక్షణలో ఆ ప్రాణి ఎక్కువకాలం బతుకుతుందన్న ఒక్క కొలబద్దనే పట్టుకొంటే, తీర్పు చాలావరకు యంత్రం వైపే వస్తుంది. ప్రాణికి కావలసింది బతుకు; తనను బతికించిన చేయి మాంసానిదా లోహానిదా అని అది అడగదు.

అయితే ఈ విద్య యంత్రాలతోనే పుట్టలేదు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే వ్యక్తి సముద్రపు నీరు, జీవంతో ఉన్న సముద్రపు రాళ్లు, ఎండ, కొద్దిపాటి గాలి బుడగలు తప్ప మరేమీ లేకుండా పగడాలను తొట్టెల్లో బతికించి, ఆ పద్ధతిని 1961లో ప్రపంచానికి తెలిపాడు. ఆయనకు సముద్రం దగ్గర, ఎండ ఉచితం. ఆ సౌకర్యాలు లేని జర్మనీలోనో అమెరికాలోనో ఉన్న వారికి యంత్రం అవసరమైంది. అవసరంగా మొదలైనది మెల్లగా ఆనందంగా మారింది. నేడు పగడం కన్నా పరికరాన్నే ఎక్కువగా ప్రేమించే పోషకులు లేకపోలేదు. వారికి తొట్టె ఒక ప్రాణిలోకం కాదు, గీతలు గీసే పటం. ఆ గీత తిన్నగా ఉంటే వారి మనసు కుదుటపడుతుంది.

ఆ గీత గురించి ఒక మాట. ఆమ్లక్షార స్థితిని కొలిచే సంవేదక కడ్డీ కాలక్రమేణా తప్పుతుంది. దానిని అప్పుడప్పుడు తెలిసిన ద్రావణంలో ముంచి సరిచేయకపోతే, అది ధీమాగా అబద్ధం చెబుతుంది. యంత్రం ఆ అబద్ధాన్ని నమ్మి మందు పోస్తుంది. వేడిచేసే కడ్డీ మీట అతుక్కుపోతే ఆగవలసిన చోట ఆగదు. నీటిమట్టాన్ని చూసే బెండు మీద నత్త ఎక్కి కూర్చుంటే మంచినీరు పొంగి పొర్లుతుంది. ఇవి ఊహించిన ఉపద్రవాలు కావు. ఈ పరికరాలతో మసలిన వారందరూ ఎరిగిన మామూలు సంగతులు. మనిషి చేసే పొరపాటుకూ యంత్రం చేసే పొరపాటుకూ ఇక్కడొక భేదముంది. మనిషి ఒకనాడు మరచిపోతే ఒకనాటి నష్టం. యంత్రం తప్పు దారిలో పడితే అదే శ్రద్ధతో, అదే క్రమశిక్షణతో తెల్లవార్లూ తప్పు చేస్తూనే ఉంటుంది. అప్పటికి పగడం తన మృదువైన అంగాలను ముడుచుకొని ఉంటుంది. చేప ఒక మూల చేరి ఉంటుంది. రోజూ పది నిమిషాలు తొట్టె ముందు కూర్చొనే అలవాటున్న వాడు ఆ ముడుచుకోవడాన్ని ఇట్టే గుర్తిస్తాడు. ఫోనులో అంకె సక్రమంగా ఉన్నదని తృప్తిపడినవాడికి ఆ కన్ను ఎప్పుడో పోయింది.

ఈ కన్ను పోవడమన్న విషయాన్ని సూరత్ నగరం మరో రంగంలో ముందే చూసింది. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి తరతరాలుగా వలస వచ్చి, లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన పద్మశాలీలు ఈ నగరపు మరమగ్గాల వెనుక ఉన్న తెలుగు చేతులు. గుంటమగ్గంలో కూర్చున్న నేతగానికి తెగిన పడుగు పోగు కంటి కన్నా ముందు కాలికీ చేతికీ తెలిసేది. మరమగ్గాల శాలలో ఒక్క మనిషి ఎన్నో మగ్గాల మధ్య తిరగాలి. ఆ హోరులో ఏ మగ్గంపై ఏ పోగు తెగిందో చేతికి తెలిసే అవకాశం లేదు. యంత్రనిర్మాతలు ఇందుకొక ఉపాయం చేశారు. ప్రతి పడుగు పోగు మీదా ఒక సన్నని లోహపు రేకు వేలాడుతుంది, పోగు తెగితే రేకు పడుతుంది, మగ్గం ఆగుతుంది. 1890 దశకంలో అమెరికాలో నార్త్రప్ మగ్గం, 1924లో జపాన్‌లో సకిచి టొయోడా మగ్గం ఈ ఆలోచనకు ప్రసిద్ధ రూపాలు. ఆ మగ్గం తెగిన పోగును తాను అతకదు. ఆగిపోయి మనిషిని పిలుస్తుంది. అతికే పని మనిషి వేళ్లదే.

నీతి దృష్టితో చూస్తే యంత్రాల్లో ఇదొక పెద్ద విభజన. ఏదో తప్పు జరిగిందని ఆగి పిలిచే యంత్రం ఒక జాతి; తప్పును తానే కప్పిపుచ్చి పని సాగించే యంత్రం మరొక జాతి. పగడపు తొట్టె నియంత్రకంలో ఈ రెండు జాతులూ ఒకే పెట్టెలో ఉంటాయి. లవణీయత మారిందని గంట మోగించడం మొదటిది. క్షారత రోజురోజుకూ ఎందుకు పడిపోతున్నదో ఎవరికీ చెప్పకుండా మందు మోతాదు పెంచుకొంటూ పోవడం రెండవది. రెండవదానితో ప్రాణి కొంతకాలం సుఖంగానే ఉండవచ్చు. యజమానికి మాత్రం తన తొట్టెలో ఏమి జరుగుతున్నదో తెలియకుండా పోతుంది, తెలియలేదన్న సంగతి కూడా తెలియదు.

పాల్ మత్స్యశాలకు బోస్ పేరు పెట్టడంలో ఉద్దేశమేదైనా, ఆ పేరు ఈ చర్చకు బాగా ఒదుగుతుంది. 1858లో పుట్టి 1937లో మరణించిన ఆ శాస్త్రజ్ఞుడు జీవితమంతా సున్నితమైన పరికరాల నిర్మాణంలో గడిపాడు. మొక్క పెరుగుదలను వేలాది రెట్లు పెద్దదిగా చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ ఆయన చేతి పనే. మొక్క ఎదగడం మనిషి కంటికి అందనంత మెల్లని క్రియ. ఆ క్రియ గాజు పలక మీద చుక్కలుగా పడేసరికి, నిశ్చలమని అనుకొన్నది చలిస్తున్నదనీ, దెబ్బకూ విషానికీ స్పందిస్తున్నదనీ చూపరికి తెలిసివచ్చింది. బోస్ తీసిన తాత్త్విక నిర్ణయాలను అందరు శాస్త్రజ్ఞులూ అంగీకరించలేదు. అది వేరే సంగతి. ఆయన పరికరం మనిషిని మొక్క దగ్గరకు తీసుకొనిపోయింది. అదే కొలత, అదే సూక్ష్మత, అదే గీత. అయినా ఇంటి నియంత్రకం మనిషికి సాధారణంగా ఇచ్చే వాగ్దానం, ఇక నీవు దగ్గరకు రానక్కరలేదని. దోషం కొలతలో లేదు. కొలిచిన తరువాత మనిషి ఎటు నడుస్తాడన్నదే ప్రశ్న.

భీమవరం ప్రాంతపు రొయ్యల రైతులకు ఈ భేదం ఉపన్యాసాలతో చెప్పనక్కరలేదు. చెరువులో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. విద్యుత్తు పోతే జనరేటరు అందుకోవాలి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోయే వేళ అది అందుకోకపోతే పంట మొత్తం తేలిపోతుంది. అందుకే యంత్రాలన్నీ ఉన్నా రాత్రి గట్టు మీద మనిషి ఉంటాడు. చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో, రొయ్య ఎలా చిమ్ముతున్నదో, పేగు నిండిందో లేదో చూస్తాడు. రైతుకు ఇది దయాగుణం కాదు. అప్పు, వడ్డీ, పిల్లల చదువు ఆ చెరువులో ఉన్నాయి. నష్టం తనది కనుక చూపూ తనదే. ఇంటి తొట్టె యజమానికి అలాంటి కట్టడి లేదు. పగడం చనిపోతే మరొకటి కొనవచ్చు. అతనిని తొట్టె దగ్గర నిలిపేది ఇష్టం మాత్రమే. ఆ ఇష్టానికి పని లేకుండా చేసేది యంత్రం.

భాగవతంలోని భరతుని కథను ఇక్కడ తలచుకోవడం అనుచితం కాదు. రాజ్యం వదిలి తపస్సుకు వచ్చినవాడు తల్లి లేని లేడిపిల్లను చేరదీశాడు. దాని మేత, దాని ఆట, దాని జాడ తప్ప వేరే ధ్యాస లేక, చివరకు దానినే తలచుకొంటూ మరణించి లేడిగా జన్మించాడు. పౌరాణికులు దీనిని మమకారానికి హెచ్చరికగా చెబుతారు. ఆ ఆశ్రమంలో లేడికి వేళకు గడ్డి అందించే యంత్రం ఉండి ఉంటే భరతుని తపస్సు భంగమయ్యేది కాదు. లేడీ బతికేది. కాని అప్పుడు ఆ లేడి ఆయనకు ఏమయ్యేది? పర్ణశాల గోడ మీద ఒక బొమ్మ. మమకారం ఖర్చు లేకుండా ప్రాణిని దగ్గర ఉంచుకోవాలన్న కోరికను మాత్రం పురాణం ఊహించినట్లు లేదు. వదులుకోవడమో, ఖర్చు పెట్టడమో, ఈ రెండే దానికి తెలిసిన దారులు.

మరొక సంగతి తరచు చర్చకు రాకుండా దాటిపోతుంది. ఫోనులో గంట మోగే వేళకు యజమాని ముంబైలో ఉంటాడు; ఇంట్లో ఉండేది అతని తల్లి, భార్య, లేదా పనిమనిషి. ఏ తీగ తీయాలో, ఏ మీట నొక్కాలో దూరం నుండి ఆజ్ఞలు వస్తాయి. ఆ తొట్టె కొనేనాడు ఎవరూ ఆమెను అడగలేదు. ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో ఎవరూ నేర్పలేదు. చేప చనిపోతే మాత్రం ఆమె చేతుల్లోనే చనిపోతుంది. యంత్రం బాధ్యతను తీసివేసిందని అనుకొంటారు గాని, చాలా ఇళ్లలో అది బాధ్యతను తెలిసినవాని నుండి తెలియనివారి మీదకు జరిపింది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదిలిన నీటితో సూరత్‌లో అధికభాగం మునిగింది. అటువంటి రోజున విద్యుత్తు ఉండదు, ఫోను పలకదు. బకెట్‌తో నీరు తోడి ఎత్తు నుండి పోస్తూ తొట్టెకు గాలి అందించడం తెలిసిన చేయి ఒక్కటి ఉంటే చాలు. ఆ చేతికి ఎవరు ఎప్పుడు నేర్పారన్నదే లెక్క.

ఇక పగడం ఇంట్లో ఉండవచ్చునా అన్న మూలప్రశ్న. ఈ దేశంలో దానికి చట్టం చెప్పిన సమాధానం స్పష్టం. 2001లో గట్టి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రాల్లోని పగడాన్ని విరిచి తేవడం, దగ్గర ఉంచుకోవడం నేరం. యంత్రం ఈ విషయంలో తటస్థమైనదని కొందరంటారు. పూర్తిగా నిజం కాదు. పగడం పోషణ కష్టమైనంత కాలం ఆ కష్టమే ఒక కంచె. ఓపిక లేనివాడు మొదటి నెలలోనే మానుకొనేవాడు. కష్టాన్ని పెట్టెలో పెట్టి అమ్మిన నాడు కోరేవారు పెరుగుతారు. కోరేవారు పెరిగితే ఎక్కడో ఒక దిబ్బ నుండి ఒక కొమ్మ విరుగుతుంది. తొట్టెల్లోనే ముక్కలు చేసి పెంచిన పగడాలను ఇచ్చిపుచ్చుకొనే పద్ధతి విదేశాల్లో ఉన్న మాట నిజమే, అది మెచ్చదగినదే. ఆ ముక్కకూ విరిచి తెచ్చిన ముక్కకూ తేడాను కొనేవాని కన్ను పట్టలేదు, యంత్రం కన్ను అసలే పట్టలేదు.

గుజరాత్‌కు సొంత పగడాలున్నాయి. సూరత్‌కు దూరంగా, కచ్ సింధుశాఖ దక్షిణపు ఒడ్డున, జామ్‌నగర్ తీరంలో 1982లో ఏర్పడిన సముద్ర జాతీయ ఉద్యానం అవి ఉన్న చోటు. 2020లో మిఠాపూర్ తీరాన భారత ప్రాణిశాస్త్ర సర్వేక్షణ సంస్థ, రాష్ట్ర అటవీశాఖ కలిసి నీటి అడుగున ఇనుప చట్రాలను నిలిపి, స్వల్ప విద్యుత్తు పంపి, వాటిపై సున్నం పేరుకొనేట్టు చేసి పగడపు ముక్కలను నాటాయి. అక్కడా యంత్రమే, అక్కడా విద్యుత్తే. అయితే ఆ విద్యుత్తు పగడాన్ని మనిషి ఇంటికి తెచ్చేది కాదు. దాని ఇంట్లో దానికి నిలవడానికి చోటు చూపేది. ఇంతలో ఆ ఇల్లే వేడెక్కుతున్నది. 1998లో హిందూ మహాసముద్రమంతటా పగడాలు తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి తెల్లబడుతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తొట్టె నీటిని 25 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచే శీతల యంత్రం తన వేడిని గదిలోకి వదులుతుంది. ఆ గదిని మరొక యంత్రం చల్లబరచి, ఆ వేడిని వీధిలోకి వదులుతుంది.

కచ్ పగడాలకు మరొక విశేషముంది. అక్కడి నీరు మడ్డిది. సముద్రపు పోటు మీటర్ల కొద్దీ లేస్తుంది, అంతే వేగంగా వెనక్కి పోతుంది. చలికాలపు నీటికీ ఎండాకాలపు నీటికీ మధ్య భేదం పెద్దది, లవణీయత స్థిరంగా ఉండదు. ఇంటి నియంత్రకం ఏ అంకెలను చూసి గంటలు మోగిస్తుందో, ఆ అంకెల మధ్యనే అవి ఎంతో కాలంగా బతకడం నేర్చుకొన్నాయి. అందరు పగడాలకూ ఆ శక్తి లేదు, తెచ్చిపెట్టుకొంటే వచ్చేదీ కాదు. నరారా వద్ద ఆటుపోట్ల పట్టికను చూసుకొని, నీరు తగ్గిన వేళ మార్గదర్శి వెంట సందర్శకులు మోకాలి లోతు నీటిలో నడుస్తారు. ఎక్కడ అడుగు వేయరాదో అతడు ముందే చెబుతాడు. వారు వంగి గుంటల్లోకి చూస్తారు. ముట్టుకోకుండా చూస్తారు. కొన్ని గంటల తరువాత నీరు తిరిగి వస్తుంది, అందరూ ఒడ్డుకు చేరవలసిందే.